మాప్ బకెట్ కచేరీ

నా గొంతు నాకే వినపడింది. అదీ మా బేస్‌మెంట్‌లోంచి. "బూట్లు! బూట్లు! బూ-బూ-బూట్లు బయట!" అంటోంది. నేనేమో పైన వంటింట్లో నోరు మూసుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. కెనడాలో మేముండే ఈ రెజైనాలో ఇళ్ళకు హీటర్ గొట్టాలు కింది నుంచి పై దాకా ఉంటాయి, కింద ఎవరు తుమ్మినా పైకి వినపడుతుంది. ఆ గొట్టంలోంచి నా అరుపే ముక్కలు ముక్కలుగా, తాళం తప్పకుండా పైకొస్తోంది. ఒళ్ళు మండిపోయింది. చేతిలో చిక్కుడుకాయతోనే మెట్లు దిగాను.

మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది వర్షిణి. మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే నలుగురు స్టూడెంట్లలో ఒకతె. చేతిలో టీవీ రిమోట్ అంత పరికరం, దాని మీద కాలిక్యులేటర్‌కు ఉన్నట్టు బొత్తాలు.

"ఏమిటే ఇది? నన్ను వెక్కిరిస్తున్నావా?" అన్నాను.

"అయ్యో లేదు ఆంటీ! మీ గొంతు మస్తుంటది. మీరు 'బూ' అన్నప్పుడల్లా డోలు మీద కొట్టినట్టే ఉంటది."

"డోలా? నా నోరు నీకు డోలులా కనపడిందా? తీసెయ్ ముందు."

"తీసేస్త. ఒక్కసారి వినుండ్రి, తర్వాత తీసేస్త."

బొత్తం నొక్కింది. మంచు మీద బూట్లు నడిచే కరకర, దాని వెనక ఏదో టక్కుటక్కు, ఆ రెంటి మధ్యా నా అరుపు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా ఆయన నా మాట అంత శ్రద్ధగా విన్న పాపాన పోలేదు. ఈ పిల్ల నా కసురును అరక్షణం అరక్షణంగా కోసి, ఎక్కడ ఊపిరి తీసుకున్నానో కూడా పట్టుకుంది. తీసెయ్యమనే మాట నా నోట్లోనే ఉండిపోయింది.

నా పేరు శ్యామల. మాది తెనాలి. అమెరికా మీదుగా ఇక్కడికొచ్చి పదమూడేళ్ళయింది, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం, మా తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీని. నోరు పెద్దదని పేరు. ఆ పేరును నేనెప్పుడూ కాదనలేదు.

వర్షిణిది సిరిసిల్ల. వాళ్ళ నాన్నకు నాలుగు మరమగ్గాలున్నాయి, వాటిని అక్కడ సాంచాలంటారు. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగింది. కరీంనగర్‌లో ఇంజనీరింగ్ చదివి, రెండు వేల ఇరవై మూడు జనవరిలో, మైనస్ ముప్ఫై రెండు డిగ్రీల చలిలో ఇక్కడ దిగింది. దిగిన వారానికి, "ఇక్కడ చప్పుడే లేదు ఆంటీ, నిద్ర పడ్తలేదు" అని నాతో అంది. చప్పుడు లేక నిద్ర పట్టని మనిషిని అప్పుడే చూశాను. నెల తిరిగాక మొదటి జీతంతో మంచు బూట్లు కొనుక్కోవే అని నేను మొత్తుకుంటే, ఈ మహాతల్లి పాత సామాన్ల దుకాణానికి వెళ్ళి శాంప్లర్ కొనుక్కొచ్చింది.

శాంప్లర్ అంటే ఆ రిమోట్ లాంటిదే. దానికి చిల్లంత మైకు, వేలెడంత స్పీకరు ఉంటాయి. ఒక బొత్తం నొక్కి పట్టుకుంటే ఎదురుగా ఉన్న చప్పుడు లోపలికి పోతుంది. దాన్ని ముక్కలు కోసి, సాగదీసి, తిరగేసి, వరస కట్టుకోవాలి. మొత్తం కలిపి నలభై సెకన్ల చప్పుడు పడుతుంది, అంతే. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి చెరపాలి. అందుకని ఆ పిల్ల ఏ చప్పుడూ ఊరికే తీసుకునేది కాదు. మైనస్ అయిదులో మంచు మెత్తగా నలుగుతుందని, మైనస్ ముప్ఫైలో కిర్రుమంటుందని, ఆ కిర్రు కోసం బస్టాపులో చేతి తొడుగులు తీసేసి నిలబడేది. చలికి బ్యాటరీలు చస్తాయని చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేది. ఆ టక్కుటక్కు ఏమిటో ఒకరోజు చెప్పింది. వాట్సాప్ కాల్‌లో వాళ్ళమ్మ మాట్లాడుతుంటే వెనకాల నడుస్తున్న సాంచ అట. సిగ్నల్ తెగి తెగి వచ్చింది కదా, ఆ తెగడం కూడా అలాగే ఉంచేసింది.

ఆ ఏడాది స్టూడెంట్లు ఎంతమంది వచ్చారో లెక్కే లేదు. ఒక్కో బేస్‌మెంట్‌లో నలుగురు, ఆరుగురు. మా సంఘంలో కొందరు పాతవాళ్ళకు వాళ్ళను చూస్తే మొహం మాడేది. "వీళ్ళ వల్లే అద్దెలు పెరిగాయి, వీళ్ళ వల్లే మనకు చెడ్డపేరు" అనేవారు. పండగకు కుర్చీలు వేయడానికి, ఎంగిలి ప్లేట్లు ఎత్తడానికి మాత్రం "స్టూడెంట్ వాలంటీర్లు కావలెను" అని గ్రూపులో మెసేజ్ పెట్టేవారు. నాకు తిక్క రేగేది. అరిచేదాన్ని. అరిచి, మళ్ళీ ఆ మెసేజ్ నేనే ఫార్వర్డ్ చేసేదాన్ని.

ఇక్కడికొచ్చిన మొదటి వారంలో సీనియర్లు జూనియర్లకు మూడు సంగతులు నేర్పుతారు. సిమ్ కార్డు ఎక్కడ తీసుకోవాలి, ఏ బస్సు ఎక్కాలి, ఇంట్లో ఏం చెప్పాలి. హోటల్లో గిన్నెలు కడిగితే "రెస్టారెంట్ ఆపరేషన్స్" అని చెప్పాలి. గోడౌన్‌లో డబ్బాలు మోస్తే "లాజిస్టిక్స్". క్లీనింగ్ అయితే "లైబ్రరీ". ఎవరు మొదలుపెట్టారో కానీ అందరూ ఇదే పాటిస్తారు. వర్షిణి ఒక మాల్‌లో ఫుడ్ కోర్టు నేల తుడిచేది. వాళ్ళ నాన్నకు లైబ్రరీ అని చెప్పింది.

"బాపు రోజు అడుగుతడు ఆంటీ, ఇయ్యాల ఏం పుస్తకాలు సర్దినవ్ బిడ్డా అని" అంది ఒకసారి, నా వంటింట్లో నిలబడి. "నేను పేర్లు కల్పించి చెప్త. నిన్న చెప్పింది మర్చిపోత. ఆయన మర్చిపోడు. ఎన్ని దినాలు చెప్పాలె ఇట్ల?"

"మరి నిజం చెప్పెయ్."

"నోటితోని వస్తలేదు" అంది. శాంప్లర్ చూపించింది. "దీంతోని వస్తది."

అప్పటికే ఆ ముక్క కట్టేసింది. ఏడు నిమిషాలు. సాంచ, మంచు, నా కుక్కర్ విజిల్, నా బూట్ల అరుపు, ఫుడ్ కోర్టులో మాప్ బకెట్ చక్రం కీచు, ట్రేలు ఒకదాని మీద ఒకటి పడే చప్పుడు. చివర్లో మాటలు. "నేను వర్షిణి. ఫుడ్ కోర్టుల నేల తుడుస్త." "నేను భరద్వాజ్. గిన్నెలు కడుగుతా." "నేను దీక్షిత్. ట్రక్కులోంచి డబ్బాలు దింపుతా." ఆ కుర్రాళ్ళిద్దరూ పక్క వీధి బేస్‌మెంట్‌లో ఉంటారు. గొంతులిమ్మంటే ముందు బెదిరారు, తర్వాత వాళ్ళే వచ్చి ఇచ్చారు. ఇది ఉగాదికి మన స్టేజీ మీద వాయిస్తానంది వర్షిణి. సంఘం ప్రోగ్రాం లైవ్ వస్తుంది, ఇండియాలో ఇళ్ళన్నీ చూస్తాయి. వాళ్ళ నాన్న కూడా చూస్తాడు. ఒక్క చప్పుడు తీయకుండా, తన పేరుతో, ఆయన చూస్తుండగా వాయించాలి. అదొక్కటే కావాలంది.

నేను ప్రోగ్రాం లిస్టులో "ఇన్‌స్ట్రుమెంటల్ - వర్షిణి - ఏడు నిమిషాలు" అని రాసి పంపాను. కమిటీలో అందరూ వీణ అనుకున్నారు. మన సంఘాల్లో ఆడపిల్ల పేరు పక్కన ఇన్‌స్ట్రుమెంటల్ అని ఉంటే వీణే. నేను దిద్దలేదు. కావాలనే దిద్దలేదు.

ఉగాది తర్వాతి శనివారం, మధ్యాహ్నం మూడింటికి హాల్లో సౌండ్ చెక్. స్టేజీ వెనకే వంటగది. అక్కడ బాలత్రిపురసుందరి గారి ఆధ్వర్యంలో రెండు వందల యాభై మందికి వంట. ఆవిడ రెండు పెద్ద కుక్కర్లలో కందిపప్పు ఎక్కించి, బొబ్బట్లు వత్తుతూ, విజిళ్ళు చెవితోనే లెక్కపెడుతోంది. పప్పుకు నాలుగు రావాలి. అసలు కుక్కర్ ఒకటి వేసింది. సరిగ్గా అప్పుడే స్టేజీ మీద వర్షిణి బొత్తం నొక్కింది, హాలు స్పీకర్లలోంచి నా ఇంటి కుక్కర్ మూడు వేసింది. ఆవిడ తల కూడా ఎత్తకుండా రెండు స్టౌలూ కట్టేసింది.

గంట తర్వాత పోపు పెట్టబోయి మూత తీస్తే పప్పు గింజకు గింజ! గరిటె పట్టుకుని హాల్లోకి వచ్చేసింది. "ఎవరమ్మా నా కుక్కర్‌తో పరాచికాలాడింది?"

వర్షిణి లేచి నిలబడింది. "నేనే ఆంటీ. సారీ. కానీ మీరే మోసపోయిన్రంటే నా రికార్డింగ్ మంచిగున్నట్టే కదా?"

బాలత్రిపురసుందరి గారు ఒక్క క్షణం గుడ్లురిమి చూసి, పకపకా నవ్వేసింది. "నీ ఇల్లు బంగారం గానూ! నలభై ఏళ్ళ చెవిని బోల్తా కొట్టించావు కదే" అని వెళ్ళి మళ్ళీ స్టౌ వెలిగించుకుంది.

శేషగిరి గారు మాత్రం నవ్వలేదు. ఆయన మా సంఘం అధ్యక్షుడు. మంచివారే. ఎవరికి ఆస్పత్రి అవసరమొచ్చినా ముందు ఆయన కారే వస్తుంది. పరువు అనే మాట దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయనకు ఇంకేమీ కనపడదు. వీణ ఏదని వెతుక్కుంటూ వచ్చి, మొత్తం వాయించమన్నారు. విన్నారు. మాప్ చక్రం కీచుమనేసరికి కనుబొమలు ముడిపడ్డాయి. మాటలు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపేశారు.

"ఇదేంటమ్మా? లైవ్‌లో అందరి పేరెంట్సూ చూస్తుంటారు. మా పిల్లలు కెనడా వెళ్ళి అంట్లు తోముతున్నారని ఏడవరూ? కుక్కర్ అంటే సరదాగా ఉంది, ఉంచు. ఆ మాప్, ఆ మాటలు తీసేయ్."

"తియ్య అంకుల్."

"తీసి ఆ ప్లేసులో ఏ వీణో, ఫ్లూటో పెట్టుకోవచ్చుగా?"

"నా దగ్గర వీణ లేదంకుల్. మాప్ ఉంది."

ఆయన ముఖం కందిపోయింది. "శ్యామల గారూ, మీరే చెప్పండి ఆ అమ్మాయికి" అని నా మీదకు తోసి వెళ్ళిపోయారు.

ఇంత నోరున్న నేను అప్పుడేం చేశానో చెప్పడానికి సిగ్గేస్తోంది. "పోనీ ఈ ఒక్కసారికి ఆ మాటలు తీసెయ్యవే, వచ్చే ఏడాది చూద్దాం" అన్నాను. వర్షిణి నా వంక చూసింది. "వచ్చే ఏడాది దాకా నేను ఇంక ఎన్ని పుస్తకాలు సర్దాలె ఆంటీ?" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎందుకంటే ఈ ఊరొచ్చిన కొత్తలో ఎనిమిది నెలలు నేను బేకరీలో బన్నులు ప్యాక్ చేశాను. ఇంటికి ఫోన్ చేసి ట్రైనింగ్‌లో ఉన్నానని చెప్పాను. ఆ రోజుకీ మా అక్కకు తెలియదు. శేషగిరి గారి దగ్గరకు వెళ్ళి, "నేను చూసుకుంటాను లెండి" అన్నాను. ఏం చూసుకుంటానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం ఆరున్నరకు వర్షిణి వంతు. సిరిసిల్లలో ఆదివారం తెల్లవారి ఆరు. పట్టుచీరలు, జరీ పంచెలు, కింద మంచు బూట్లు. నేను పేరు పిలిచాను. జీన్స్ మీద చున్నీ వేసుకుని వచ్చి, టేబుల్ మీద ఆ రిమోట్ పెట్టి, వైరు తగిలించి, ఎవరి వంకా చూడకుండా బొత్తం నొక్కింది.

సాంచ మొదలైంది. "పాటేది?" అన్నారెవరో ముందు వరసలో. కుక్కర్ విజిల్‌కు ఆడవాళ్ళంతా నవ్వారు. నా బూట్లకు హాలు గొల్లుమంది. తర్వాత ఆ విజిల్‌నే సాగదీసి కిందికి దించింది, అది మూలుగుతున్నట్టు అయింది. దాని మీద మాప్ చక్రం. కీచు, కీచు. నవ్వులు తగ్గాయి. "నేను వర్షిణి. ఫుడ్ కోర్టుల నేల తుడుస్త" అని రెండు పెద్ద స్పీకర్లలోంచి వచ్చింది.

అంతే, సౌండ్ పోయింది.

వెనక్కి చూశాను. మిక్సర్ దగ్గర సౌండ్ చూసుకునే వికాస్ తలొంచుకుని కూర్చున్నాడు, అతని భుజం మీద శేషగిరి గారి చెయ్యి ఉంది. ఆయన నాకు సైగ చేశారు. టెక్నికల్ ప్రాబ్లమ్ అని చెప్పి, పిల్లల డ్యాన్సు పిలవమని.

మైకు పుచ్చుకుని స్టేజీ మధ్యకు వెళ్ళాను. "టెక్నికల్ ప్రాబ్లమ్ ఏమీ లేదండీ. ఆ అమ్మాయి నేల తుడుస్తానని చెప్పింది, మనవాళ్ళు సౌండ్ కట్టేశారు. నేను కూడా ఈ ఊళ్ళో బేకరీలో బన్నులు ప్యాక్ చేశాను. ఎనిమిది నెలలు. మా వాళ్ళకు చెప్పలేదు. లైవ్‌లో ఉన్నాను కదా, ఇప్పుడు చెబుతున్నాను" అన్నాను. సగంలోనే నా మైకు కూడా పోయింది. నాకు మైకెందుకు? మిగతా సగం హాలు చివరి దాకా వినపడేలా అరిచాను.

వర్షిణి వైరు పీకేసింది. ఆ రిమోట్‌ను చేతిలోకి తీసుకుని స్టేజీ దిగి, కుర్చీల మధ్య నిలబడి, మొదటి నుంచి మొదలుపెట్టింది. వేలెడంత స్పీకరు. ముందు వరసకు కూడా సరిగ్గా వినపడదు. "హీటర్ ఫ్యాన్ ఆపండయ్యా, పిల్ల వాయిస్తోంది!" అని వంటగది గుమ్మంలోంచి బాలత్రిపురసుందరి గారు కేకేసింది. ఎవరో ఆపారు. వెనక వరసల వాళ్ళు లేచి దగ్గరకొచ్చారు. పసిపిల్లల నోళ్ళకు బిస్కెట్లు అడ్డం పెట్టారు. రెండు వందల యాభై మంది ఊపిరి బిగబట్టి ఒక మాప్ బకెట్ చక్రాన్ని విన్నారు.

భరద్వాజ్ మాట వచ్చే చోట, చేతిలో మంచినీళ్ళ జగ్గుతో నిలబడి ఉన్న ఆ అబ్బాయి తానే గొంతెత్తి అన్నాడు, "నేను భరద్వాజ్. గిన్నెలు కడుగుతా." దీక్షిత్ ఏడుస్తూ చెప్పాడు. తర్వాత ఆ శాంప్లర్‌లో లేని గొంతులు మొదలయ్యాయి. గోడ పక్కన వాలంటీర్ బ్యాడ్జీలు పెట్టుకున్న పిల్లలు. కాఫీ కౌంటర్, కోళ్ళ ఫ్యాక్టరీ, రాత్రి సెక్యూరిటీ. ఎవరూ పిలవకుండానే ఒక్కొక్కరూ చెప్పారు. మొదటి వరసలో ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడ ఇంజనీరు, తల దించుకుని చాలాసేపు ఎత్తలేదు. చప్పట్లు గట్టిగా ఏమీ రాలేదు. కొందరు కొట్టారు, కొందరు కోపంగా కూర్చున్నారు. వర్షిణి అందరికీ దండం పెట్టి బయటికి నడిచింది.

కోట్లు తగిలించే వరండాలో దొరికింది నాకు. చేతిలో ఫోన్ మోగుతోంది. తెర మీద "బాపు" అని ఉంది. ముఖం పాలిపోయి ఉంది. "పోవద్దు ఆంటీ, ఉండుండ్రి" అని నా కొంగు పట్టుకుని, స్పీకర్ ఆన్ చేసింది.

"లైబ్రరీ అంటివి కద బిడ్డా" అన్నాడాయన. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"అబద్ధం చెప్పిన బాపు."

"నడుమల సప్పుడు పోయింది. నేల తుడుస్త అన్నవ్, గంతే. ఒకామె మైకుల ఏదో సగం చెప్పింది, తర్వాత బొమ్మ ఒక్కటే కనవడ్డది. నువ్వు నడుస్తున్నవ్, అందరు లేస్తున్నరు. నిన్నెవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలేమనలే."

ఆయన గొంతు తగ్గించి అన్నాడు. "వాడకట్టు గ్రూపుల లింకు నేనే పెట్టిన. పొద్దుగాల్నే పదిమంది వచ్చి మనింట్ల కూసున్నరు నీ పోగ్రాం చూస్తమని. ఇగో, నా ముంగటనే ఉన్నరు. ఏం చెప్పాలె వీళ్ళకు?"

వర్షిణి కళ్ళు తుడుచుకుంది. నా కొంగు వదిలేసింది.

"ఏం చెప్పకు బాపు. వినిపియ్యి. ఫోన్ నడుమల పెట్టు."

అటు పక్క కుర్చీలు జరిగిన చప్పుడు. ఎవరో ఏదో గొణిగారు. "జర సప్పుడు చెయ్యకుండ్రి, నా బిడ్డ వాయిస్తది" అన్నాడాయన వాళ్ళతో.

వర్షిణి శాంప్లర్‌ను ఫోన్‌కు ఆనించి బొత్తం నొక్కింది. అప్పుడే శేషగిరి గారు తలుపు తోసుకుని వచ్చారు, ఏదో గట్టిగా అనడానికే నోరు తెరిచి.

"ఏడు నిమిషాలు ఆగండి" అన్నాను.

ఆగారు.